ఆపరేషన్‌కు ముందున్న దూరం

9 అక్టోబర్ 2024, బుధవారం – ఖమ్మం

గుండె సర్జన్ పనంగిపల్లి వేణుగోపాల్ గారు నిన్న ఢిల్లీలో కన్నుమూశారు. ఎనభై రెండేళ్లు. పొద్దున్నుంచీ మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నిండా ఆ కబురే. మన రాజమండ్రిలో 1942లో పుట్టిన మనిషి. పదిహేడో ఏట, 1959లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్‌లో చేరారు. అక్కడే ఎన్. గోపీనాథ్ గారి దగ్గర గుండె సర్జరీ నేర్చుకున్నారు. అక్కడే పాఠాలు చెప్పారు, అక్కడే డైరెక్టరయ్యారు. ఆయన చేసిన గుండె ఆపరేషన్లు యాభై వేల పైమాటే.

1994 ఆగస్టు 3న దేశంలో మొట్టమొదటి విజయవంతమైన గుండె మార్పిడి ఆయన చేతుల మీదుగా జరిగింది. అంతకుముందు ఎవరూ పూనుకోలేదని కాదు. దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బెర్నార్డ్ 1967 డిసెంబర్ 3న మనిషి గుండెను మార్చిన రెండున్నర నెలలకే, బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో పి.కె. సేన్ గారు ఆ సాహసం చేశారు. రోగి కొద్ది గంటలే బతికాడు. ఆ తర్వాత మన దేశంలో విజయం దక్కడానికి పాతికేళ్లు దాటింది. పరాయి అవయవాన్ని ఒళ్లు తోసిపారేయకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు 1980ల్లో గానీ వాడుకలోకి రాలేదు. మెదడు చనిపోతే మనిషి పోయినట్టేనని ఒప్పుకునే చట్టం మనకు 1994 దాకా లేదు. ఆ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన నెలలోపే ఎయిమ్స్ బృందం ఆపరేషన్ చేసేసింది. చట్టం రాకముందే వాళ్లు చెయ్యి తిప్పుకుని, జట్టును కూర్చుకుని, సర్వం సిద్ధం చేసుకుని ఉన్నారన్నమాట. కొత్త గుండె పెట్టించుకున్న ఆయన దాదాపు పదిహేనేళ్లు బతికారు.

ఆ ఆపరేషన్ గంటలోపే ముగిసిందంటారు. పదిహేడేళ్ల కుర్రవాడు ఎయిమ్స్ గేటు లోపలికి అడుగుపెట్టిన రోజు నుంచి ఆ గంట దాకా ముప్పై ఐదేళ్లు. గుండె సర్జన్‌గా నా వృత్తి గురించి ఎవరడిగినా ఇకనుంచి ముందు ఈ లెక్కే చెప్పాలి.

20 అక్టోబర్ 2024, ఆదివారం – భద్రాచలం

క్యాంపు. చర్ల అవతలి గూడెం నుంచి ఒక బాబును అమ్మమ్మ, ఆశా కార్యకర్త కలిసి తీసుకొచ్చారు. ఆరేళ్లంటున్నారు, చూస్తే నాలుగేళ్లవాడిలా ఉన్నాడు. పెదవులు నేరేడుపండు రంగు. గోళ్ల చివర్లు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. వేలికి ఆక్సీమీటర్ తగిలిస్తే ఆక్సిజన్ 72 శాతం.

జబ్బును పట్టుకున్నది ఆశా. "అందరు పిల్లలూ ఉరుకుతుంటే వీడు నాలుగడుగులేసి గొంతుక్కూర్చుంటాడు డాక్టరమ్మా. కాసేపటికి మళ్లీ లేస్తాడు. బడికి పోయే దారంతా ఇంతే" అంది. నాకు ఆ ఒక్క మాట చాలు. ఎకో మిషన్ ఆ మాటనే ఖాయం చేసింది: టెట్రాలజీ ఆఫ్ ఫాలో. ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో ఎతియెన్ ఫాలో అనే వైద్యుడు 1888లో దీన్ని వివరంగా రాశాడు. గుండె కింది రెండు గదుల మధ్య పెద్ద రంధ్రం. ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు. బృహద్ధమని రెండు గదుల మీదా కాళ్లు చాపుకున్నట్టు కూర్చుంటుంది. పనిభారంతో కుడి గది కండ మందమవుతుంది. ఊపిరితిత్తులకు పోవాల్సిన చెడు రక్తం రంధ్రంలోంచి దాటి ఒళ్లంతా తిరుగుతుంది, అందుకే ఆ నీలిరంగు. గొంతుక్కూర్చుంటే కాళ్లలోని రక్తనాళాలు నొక్కుకుపోయి ఒంటి వైపు ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు రక్తం మరో దారి లేక ఊపిరితిత్తుల వైపు కాస్త ఎక్కువ వెళ్తుంది. ఆ ఉపాయం వాడికి ఎవరూ నేర్పలేదు, వాడి ఒళ్లే నేర్పింది.

అమ్మమ్మ కోయలో అడిగింది, ఆశా తెలుగులో చెప్పింది: "గుండె బయటికి తీస్తారా అంటోంది మేడమ్."

"తియ్యమవ్వా. ఉన్నచోటే ఉంచి బాగుచేస్తాం."

ఆమె ఇంకోటి అడిగింది. వాడితో పాటు హైదరాబాద్‌లో ఎన్నాళ్లుండాలి, చేలో పత్తి ఎవరు తీస్తారు అని. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైన ఆ పథకం పరిమితి నిరుడు డిసెంబర్‌లో పది లక్షలైంది. పత్తి తీసే కూలికి ఏ పథకమూ లేదు. దానికి సమాధానం ఆశానే చెప్పింది: గూడెంలో వాళ్లే తలో చెయ్యీ వేస్తారట. బస్సు టికెట్ల సంగతి మా కోఆర్డినేటర్‌కు అప్పగించాను.

10 నవంబర్ 2024, ఆదివారం – ఖమ్మం

ప్రభుత్వ మెడికల్ కాలేజీ పిల్లలు కొందరు కలిశారు. 2023లో వంద సీట్లతో మొదలైన కాలేజీ, వీళ్లు మొదటి బ్యాచ్. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి సూటిగా అడిగింది: "మేడమ్, గుండె సర్జన్ కావాలంటే ఎన్నేళ్లు?"

ఎంబీబీఎస్, హౌస్‌సర్జన్సీ కలిపి ఐదున్నర. ఎంఎస్ జనరల్ సర్జరీ మూడు. ఎంసీహెచ్ కార్డియోథొరాసిక్ మూడు. లేదంటే ఎంబీబీఎస్ అవగానే నేరుగా ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ ఉంది. ఏ దారిన వెళ్లినా పదకొండున్నరేళ్లు, మెట్టు మెట్టుకూ నీట్. అదీ ఎక్కడా ఏడాది జారిపోకుంటే. పట్టా చేతికొచ్చాక కూడా కష్టమైన కేసు ఒంటరిగా చెయ్యనివ్వడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది.

ఆ ఏళ్లలో ఏం చేస్తారో కూడా చెప్పాను. మొదట ఐసీయూ. గంట గంటకూ మూత్రం ఎంత, డ్రెయిన్‌లోకి రక్తం ఎంత, బీపీ ఎంత అని రాత్రంతా చూస్తూ కూర్చోవడం. ఆపరేషన్ బాగా జరిగిన మనిషి తెల్లారేలోపు ఎందుకు పాడవుతాడో ఆ కుర్చీలోనే తెలుస్తుంది. ఆ తర్వాత కాలు. బైపాస్‌కు కావలసిన సిర చీలమండ దగ్గర మొదలై తొడ పైదాకా వెళ్తుంది. దాన్ని చిట్లకుండా, లాగకుండా, ఒక్కో చిన్న కొమ్మనూ ముడి వేసుకుంటూ తియ్యాలి. ఆపైన ఎదురెముక కోసి ఛాతీ తెరవడం, పంపుకు గొట్టాలు వెయ్యడం, పై గదుల మధ్య చిన్న రంధ్రం మూయడం, కవాటాలు. కాలి నుంచి గుండె దాకా రావడానికే ఏళ్లు పడుతుంది.

చెయ్యి తిప్పుకున్నదెలాగో అడిగారు. ఆసుపత్రి పక్కన మటన్ దుకాణంలో మేక గుండె కొనుక్కునేవాళ్లం. హాస్టల్ గదిలో టేబుల్ ల్యాంపు వెలుగులో, ఐసీయూ సిస్టర్లు ఇచ్చిన గడువు దాటిన దారాలతో, మేక కరొనరీకి మేక సిరనే అతికేవాళ్లం. దారం ఏడు సున్నా ప్రోలిన్, వెంట్రుకంత సన్నం. లూప్స్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుంటే గానీ కనిపించదు. కుట్టడం అయ్యాక సిరంజితో సిరా కలిపిన నీళ్లు లోపలికి పంపేవాళ్లం. నీలం చుక్క బయట కనిపించిందంటే కుట్లన్నీ కోసి మళ్లీ మొదటి నుంచి. సూది మొనను లోపలి పొర నుంచి బయటికి తియ్యాలనీ, మణికట్టు తిరిగినంత మేరే సూది తిరగాలనీ, దారాన్ని పట్టుకున్న అసిస్టెంటు బిగువు సడలిస్తే ఎంత మంచి కుట్టయినా కారుతుందనీ ఆ గదిలోనే ఒంటపట్టాయి.

"ఆడవాళ్లకు కష్టమా మేడమ్?" అని ఇంకొకరు. గంటలకొద్దీ నిలబడటం అందరికీ కష్టమే. పీజీలో ఉండగా నన్నూ చాలామంది ఈ బ్రాంచ్ నీకెందుకన్నారు. గొట్టం సరిగ్గా పడిందా లేదా అన్నది గుండెకు కావాలి. వేసిన చెయ్యి ఎవరిదన్నది దానికి అక్కర్లేదు. అదే చెప్పాను.

సూపర్ స్పెషాలిటీ కౌన్సెలింగ్‌లో ఏటా మా బ్రాంచ్ సీట్లు కొన్ని మిగిలిపోతున్నాయి. చదువు పొడవు, సంపాదన ఆలస్యం. ఒకప్పుడు బైపాస్‌కు వచ్చే రోగుల్లో చాలామందికి ఇప్పుడు స్టెంటుతో సరిపోతోంది. అబ్దుల్ కలాం గారు, మన భూపతిరాజు సోమరాజు గారు కలిసి 1990ల్లో చౌకలో కలాం–రాజు స్టెంటు తెచ్చారు. స్టెంటు పేదవాడికి అందడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పుట్టుకతో వచ్చిన చాలా పెద్ద రంధ్రాలకు, చీకిపోయిన కవాటాలకు సర్జన్ కావాల్సిందే.

29 నవంబర్ 2024, శుక్రవారం – హైదరాబాద్

చర్ల బాబు ఆపరేషన్ ఈరోజు. తేదీ నేను కోరుకున్నది కాదు, కానీ మా శాఖలో పెద్ద రోజే. సరిగ్గా ఎనభై ఏళ్ల కింద, 1944 నవంబర్ 29న, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఇదే జబ్బున్న పసిపాపకు ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ మొదటిసారి ఆపరేషన్ చేశాడు. ఊహ పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టాసిగ్‌ది. దాన్ని కుక్కల మీద చేసి చేసి పద్ధతి కుదిర్చినవాడు వివియన్ థామస్. నల్లజాతి యువకుడు, వడ్రంగం తెలిసినవాడు, డబ్బుల్లేక కాలేజీ చదువు దక్కనివాడు. ఆ రోజు బ్లేలాక్ వెనక స్టూలు మీద నిలబడి కుట్టు కుట్టుకూ సలహా చెప్పింది ఆయనే. హాప్‌కిన్స్ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చేసరికి 1976 వచ్చింది. ఆయన చేతులు నేర్పిన సర్జన్లు అప్పటికే దేశమంతటా పేరు తెచ్చుకున్నారు.

ఆ ఆపరేషన్ ఊపిరితిత్తులకు పక్కదారి వేసేది మాత్రమే. గుండె లోపలికి వెళ్లి బాగుచెయ్యాలంటే గుండె ఆగాలి, ఒంటికి రక్తం ఆగకూడదు. 1953 మే 6న జాన్ గిబ్బన్ ఫిలడెల్ఫియాలో గుండె–ఊపిరితిత్తుల యంత్రంతో ఆ పని సాధించాడు. 1954లో మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై పిల్లవాడి రక్తనాళాలను పెద్దవాళ్ల రక్తనాళాలకు కలిపి, వాళ్ల గుండెనే పంపుగా వాడి టెట్రాలజీని పూర్తిగా సరిచేశాడు.

మేం చేసింది రాసుకుంటున్నా. హెపారిన్ ఇచ్చాం. రక్తం గడ్డకట్టే సమయం 480 సెకన్లు దాటాక పంపు మీదికి వెళ్లాం. పర్ఫ్యూజనిస్ట్ "ఫుల్ ఫ్లో" అన్నాడు. బృహద్ధమనికి క్లాంపు వేసి పొటాషియం కలిపిన చల్లని ద్రవం పంపాం, గుండె నిమ్మళించింది. లోపల ఇరుకు చేసిన కండ కట్టెలను ఒక్కొక్కటే కోశాను. రంధ్రం అంచున గుండెకు కబురందించే తీగ వెళ్తుంది. ఆ మూల కుట్టు కొంచెం లోతుగా పడితే బిడ్డకు జన్మంతా పేస్‌మేకరే గతి. అక్కడ పైపైనే వేస్తూ ప్యాచ్ కుట్టాను. ఊపిరితిత్తుల దారిని బాబు గుండెపొర ముక్కతోనే వెడల్పు చేశాం. క్లాంపు తీశాక గుండె దానంతటదే లయ అందుకుంది. ప్రొటమిన్ ఇచ్చి, రక్తం కారే చోట్లన్నీ చూసుకుని, ఎదురెముకకు స్టీలు తీగలు బిగించాం.

ఐసీయూలో ఆక్సీమీటర్ 98. అద్దంలోంచి మనవణ్ణి చూపిస్తే అమ్మమ్మ ముందు పెదవులే చూసింది.

10 జనవరి 2025, శుక్రవారం – భద్రాచలం

ముక్కోటి. ఉత్తర ద్వార దర్శనానికి ఊరు కిటకిటలాడుతోంది. జనం మధ్యలోంచే ఒక పేషెంట్ నా దగ్గరికి వచ్చింది. పందొమ్మిదేళ్లు, ఐదో నెల గర్భం, మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు. స్టెతస్కోపు పెట్టగానే మైట్రల్ కవాటం ఇరుకు వినిపించింది. చిన్నప్పుడు గొంతునొప్పి, తర్వాత మోకాళ్లూ మోచేతులూ వాచిపోయాయట. కొన్నాళ్లు పెన్సిలిన్ సూది వేయించుకుని, నొప్పులు తగ్గాయని మానేసింది.

మా దగ్గర ఎక్కువ కనిపించే విషాదం ఇదే. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ మీద ఒళ్లు చేసే యుద్ధం కీళ్లను వాచేలా చేసి వదిలేస్తుంది గానీ కవాటాన్ని మచ్చలు కట్టిస్తుంది. మూడు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ పడితే ఆ జబ్బు మళ్లీ వచ్చే అవకాశం చాలా తగ్గుతుంది. సూది చవక, పీహెచ్‌సీలో దొరుకుతుంది. కావాల్సింది ఇరవై ఒకటో రోజున ఎవరో ఒకరు గుర్తుచెయ్యడం.

ఈ అమ్మాయికి బెలూనుతో కవాటం తెరవొచ్చు, కార్డియాలజిస్టుతో మాట్లాడాను. అది కుదరని రోజున నా ముందున్న లెక్క ఏమిటో రాస్తాను. లోహపు కవాటం ఏళ్ల తరబడి నిలుస్తుంది, మన తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో వలియత్తన్ గారి బృందం తయారుచేసి 1990లో తొలిసారి అమర్చిన చిత్ర కవాటం ఉంది, చవక కూడా. కానీ రక్తం పలచబడే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. నెలనెలా పీటీ పరీక్ష చేయించుకోవాలి. ఆ మాత్ర కడుపులో బిడ్డకు చేటు. కణజాలపు కవాటానికి ఆ బాధ లేదు. అయితే వయసులో ఉన్నవాళ్లలో అది పది పదిహేనేళ్లకే అరిగిపోతుంది, మళ్లీ ఛాతీ తెరవాలి. గోదావరి ఒడ్డు దాటి, వానల్లో వాగు దాటి వచ్చే మనిషికి పరీక్ష ఎక్కడ చేస్తారు? 2022 జూలైలో ఇక్కడ గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మాత్రలు అయిపోయినవాళ్లు ఏం చేశారు? అందుకే అడవి పేషెంట్లకు ఉన్న కవాటాన్నే బాగుచేసే ప్రయత్నం ముందు చేస్తాను. చాలా గంటల పని, కొన్నిసార్లు కుదరదు కూడా. అయినా ఎంసీహెచ్ పుస్తకంలో లేని ఆ అధ్యాయం నాకు చర్ల రోడ్డే నేర్పింది.

2 ఫిబ్రవరి 2025, ఆదివారం – ఖమ్మం

నాలుగేళ్ల కింద ఈ తేదీన హైదరాబాద్ మెట్రో ఒక గుండెను మోసింది. నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా 21 కిలోమీటర్లు, అరగంటలోపు, మధ్యలో ఎక్కడా ఆగకుండా. దాత నల్లగొండ జిల్లా రైతు. అమర్చిన బృందం ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారిది. బయటికి తీసిన గుండె నాలుగు గంటలకు మించి నిలవదు కాబట్టి ఆ తొందర.

గోఖలే గారి మరో పని నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. కార్పొరేట్ ఆసుపత్రిలో పేరున్న సర్జన్ 2015లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో తన బృందంతో ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు మొదలుపెట్టారు. మరుసటేడు అదే ఆసుపత్రిలో గుండె మార్పిడి కూడా చేశారు. ఆ ఏడాదే ఆయనకూ, బ్రిటన్ నుంచి తిరిగొచ్చి ఇక్కడ పేదపిల్లల గుండెలు బాగుచేస్తున్న మన్నం గోపీచంద్ గారికీ పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే హైదరాబాద్ నిమ్స్‌లో దాసరి ప్రసాదరావు గారు సర్కారీ గొడుగు కింద గుండె సర్జరీని నిలబెట్టారు. ఇప్పుడు లివర్‌పూల్ ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రి నుంచి ధన్నపునేని రమణ గారి బృందం నిమ్స్‌కు వచ్చి, ఇక్కడి వైద్యులతో కలిసి పసిపిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసి వెళ్తోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంత పెద్ద పని జరగదనే మాటను వీళ్లంతా చేతలతో కొట్టేశారు.

7 ఏప్రిల్ 2025, సోమవారం – భద్రాచలం

నిన్న కల్యాణం, ఈరోజు పట్టాభిషేకం. ఊళ్లో రద్దీ తగ్గక ముందే క్యాంపు పెట్టుకున్నాం. చర్ల బాబు రివ్యూకు వచ్చాడు. బరువు పెరిగాడు, పెదవులు గులాబీ రంగు, ప్యాచ్ పక్కన లీకు లేదు. బడిలో అందరితో పాటు ఆడుతున్నాడని ఆశా చెప్పింది. బెలూన్ చేయించుకున్న అమ్మాయికి ఆయాసం తగ్గింది, నెలలు నిండుతున్నాయి. ఖమ్మం కాలేజీ అమ్మాయి సెలవు చూసుకుని వచ్చి, రోజంతా ఎకో గదిలో నిలబడి చూసింది.

నా నమ్మకం రాసి పెట్టుకుంటున్నాను. ఖమ్మం, భద్రాద్రి జిల్లాలకు కలిపి ఒక ప్రభుత్వ గుండె సర్జరీ విభాగం కావాలి. ఖమ్మంలో, కొత్తగూడెంలో మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటిలో చదివిన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఈ పదకొండున్నరేళ్లకు సిద్ధపడి తిరిగి ఇక్కడికే రావాలి. ఒక్క సర్జన్ వస్తే చాలదు. పర్ఫ్యూజనిస్టు, మత్తు డాక్టరు, రాత్రిళ్లు ఐసీయూలో మేలుకునే సిస్టర్లు, అందరూ కలిస్తేనే ఆ విభాగం నిలుస్తుంది. ఇప్పుడు మొదలుపెడితే, ఈ ఏడాది పుట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చేనాటికి అది నిలదొక్కుకుంటుంది. ఆలస్యం చేసే తీరిక మనకు లేదు.

అప్పటిదాకా పని ఆశాలది, టీచర్లది, అమ్మానాన్నలది. సాయంత్రం సమావేశంలో నేను చెప్పినవి ఇవే: పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నా, నాలుగడుగులకే గొంతుక్కూర్చున్నా, పాలు తాగుతూ చెమటలు పట్టి అలసిపోయినా, గొంతునొప్పి తర్వాత కీళ్లు వాచినా, ఆ బిడ్డను ఆ వారమే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. సూది రాసిచ్చిన పిల్లలకు ఇరవై ఒకటో రోజు తప్పనివ్వకండి. మిగతా దారంతా మేం చూసుకుంటాం.